మూత్రపిండపు రాచపుండు: దశయు, ఆయువును
(వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



మూత్రపిండమున రాచపుండు, అనగా క్యాన్సరు, పుట్టినదని వినినతోడనే యింటివారు వైద్యుని రెండు ప్రశ్నలడుగుదురు: ఏ దశ? ఎంతకాలము బ్రదుకును? మొదటిదాని యుత్తరమునుబట్టి రెండవదానిని తామే గుణించుకొందురు. ఈ గణితము కొన్నియెడల తప్పునని మనవిచేయుటకే మేమిచట నిలిచితిమి.

గడ్డ మూత్రపిండములోనేయుండి 7 సెంటీమీటర్లు మించనిచో మొదటి దశ, మించినచో రెండవది. పెద్ద సిరలలోనికిగాని, చుట్టునున్న క్రొవ్వులోనికిగాని, సమీపపు లింఫు గ్రంథులకుగాని ప్రాకినచో మూడవది. ఊపిరితిత్తులు, ఎముకలు మొదలగు దూరాంగములకు జేరినచో నాల్గవది. దశ వ్యాధి యెంతదూరము నడచినదో చెప్పును. ఎంతవేగముగ నడచునో చెప్పదు. వేగము జాతినిబట్టి యుండును.

ఈ క్యాన్సర్లలో నూటికి సుమారు 75 క్లియర్ సెల్ జాతివి. 2002లో అమెరికాయందలి మేయో క్లినిక్కువారు ప్రకటించిన ఆయుర్గణనపద్ధతి యీ జాతి రోగుల లెక్కలనుండి పుట్టినదే. దానిని అరుదైన జాతులకన్వయించుట ఉత్పలమాల గణములతో చంపకమాలను విభజించుటవంటిది. నూటికి సుమారు 5 గానుండు క్రోమోఫోబ్ జాతి పెద్దదైనను తరచుగా మందగతి. నూటికొకటికన్న తక్కువగు కలెక్టింగ్ డక్ట్ జాతి బయటపడునప్పటికే పెక్కురయందు వ్యాపించియుండును.

వంశానుగతమగు జాతి మరియొకటి కలదు. దానికి మూలము ఫ్యూమరేట్ హైడ్రటేజ్ జన్యులోపమని 2002లో తేలినది. ఇట్టి కుటుంబములలో చర్మముపై నొప్పిగల బుడిపెలు, స్త్రీలకు చిన్నవయసుననే గర్భాశయపు గడ్డలు కానవచ్చును. మూత్రపిండపు గడ్డ మిక్కిలి చిన్నదైనను దూరమునకు ప్రాకగలదు. కావున మొదటి దశయేకదా యని వేచియుండరాదు. తల్లిదండ్రులలో నొకరికి లోపమున్నచో ప్రతి బిడ్డకును సగముపాలు సంక్రమించు నవకాశము కలదు.

సంబంధములు చెడునను భీతిచే ఇంటి రోగములను మరుగుపరచు నలవాటు మనలో కలదు. ఆ మరుగు పరువును గాపాడునేమో గాని బిడ్డను గాపాడదు. లోపము తెలిసినవారికి ఏటేట ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయించినచో గడ్డను మొలకయందే కనుగొనవచ్చును.

నూర్గురిలో నిందరు అయిదేండ్లు బ్రదికిరను లెక్క సమూహమునకు సంబంధించినది. అది యేయొక్కని జాతకమును గాదు. దానిని విని నిరాశతో చికిత్స మానుటయు, ధీమాతో పరీక్షలు మానుటయు రెండును దోషములే.

కావున మూత్రమున రక్తము కనబడినచో, నొప్పి లేకున్నను, ఉపేక్షింపకుడు. గడ్డ పరీక్షాపత్రమున జాతినామమేమో యడిగి, పత్రమును భద్రపరచుకొనుడు. వంశదోషము తేలినచో తోబుట్టువులకు దాచక తెల్పుడు. ఈ మూడు మాటలను మీమీ గృహములకు గొనిపొండని ప్రార్థించి విరమించుచున్నాము.