డెడ్ టు మీ: జూడీని క్షమించాలా, వద్దా?

ఈ ఎపిసోడ్‌లో ఒక సిరీస్ గురించి మాట్లాడుకుందాం. పేరు డెడ్ టు మీ. గొడవ పడ్డప్పుడు మనవాళ్ళు అంటుంటారు చూడండి, "నా లెక్కలో నువ్వు చచ్చినట్టే" అని. అదే ఈ టైటిల్. 2019 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది, 2020 మేలో రెండో సీజన్, 2022 నవంబర్‌లో మూడోది వచ్చి కథ ముగిసింది. మొత్తం 30 ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట చొప్పున. నాకు తెలిసినవాళ్ళలో చాలామంది దీన్ని లాక్‌డౌన్‌లో చూశారు. విచిత్రం ఏంటంటే, చూసిన ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పరు. ఒకరికి కన్నీళ్ళు వచ్చాయి, ఒకరికి ఒళ్ళు మండింది, ఇంకొకరు అసలు ఇది కామెడీ ఏంట్రా బాబూ అన్నారు. ఈ అభిప్రాయాలన్నీ పక్కపక్కన పెట్టి చూద్దామని ఈ ఎపిసోడ్.

ముందే చెప్తున్నా, కథ మొత్తం విప్పి మాట్లాడతాను. చూడాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆపేసి, చూసి రండి.

కథ కాలిఫోర్నియాలోని లగూనా బీచ్‌లో జరుగుతుంది. జెన్ అనే ఆవిడ ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంట్, ఇద్దరు మగపిల్లలు. భర్త టెడ్‌ని ఒక రాత్రి ఎవరో కారుతో గుద్ది, ఆపకుండా వెళ్ళిపోయారు. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు కలిసి కూర్చుని బాధ చెప్పుకునే గ్రూప్ ఒకటుంటే అక్కడికి వెళ్తుంది. అక్కడ జూడీ పరిచయం అవుతుంది. తనకి కాబోయే భర్త స్టీవ్ గుండెపోటుతో పోయాడని చెప్తుంది. ఇద్దరికీ నిద్ర పట్టదు, రాత్రిళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటారు, స్నేహం కుదురుతుంది. మొదటి ఎపిసోడ్ అయ్యేలోపే రెండు దెబ్బలు పడతాయి. ఒకటి, స్టీవ్ చావలేదు, శుభ్రంగా బతికే ఉన్నాడు. రెండోది, దెబ్బతిన్న ఒక కారు జూడీ దగ్గర దాచి ఉంది. టెడ్‌ని గుద్దిన కారు అది.

జెన్‌గా క్రిస్టినా యాపిల్‌గేట్, జూడీగా లిండా కార్డెలిని, స్టీవ్‌గా జేమ్స్ మార్స్‌డెన్. సిరీస్ సృష్టికర్త లిజ్ ఫెల్డ్‌మన్.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఇది కామెడీయేనా? కాదనేవాళ్ళు మొదటి సీన్ ఇంకోసారి చూడాలి. పక్కింటావిడ వంటకం పట్టుకుని పరామర్శకి వస్తుంది. నువ్వు పడే బాధ నేను ఊహించలేను అంటుంది. జెన్ ఏ మొహమాటం లేకుండా, నీ మొగుణ్ణి కారు గుద్ది ఉన్నట్టుండి ఘోరంగా చచ్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అని చెప్పేస్తుంది. నవ్వొస్తుంది, నవ్వినందుకు గిల్టీగా కూడా ఉంటుంది. మన ఇళ్ళల్లో పరామర్శకి వచ్చినవాళ్ళని గుర్తు తెచ్చుకోండి. "ఎలా జరిగింది?" అని మొదలుపెట్టి మళ్ళీ మొత్తం చెప్పించుకుంటారు. "ధైర్యంగా ఉండాలమ్మా" అంటారు. ఆ పూట ఇంటావిడ నోటిదాకా వచ్చి మింగేసిన మాటలన్నీ జెన్ బయటికి అనేస్తుంది. జోకులు వేసే కామెడీ కాదిది. కోపాన్ని దాచుకోలేని మనిషి దగ్గర పుట్టే కామెడీ.

రెండో అభిప్రాయం, ట్విస్టులు మరీ ఎక్కువయ్యాయని. ఇందులో కొంత నిజం ఉంది. మొదటి సీజన్ చివర్లో స్టీవ్ నిజంగానే చచ్చిపోతాడు. రెండో సీజన్‌లో అతని కవల సోదరుడు బెన్ దిగుతాడు, మళ్ళీ జేమ్స్ మార్స్‌డెనే. మన పాత సినిమాల్లో డబుల్ యాక్షన్ చూసి చూసి ఉన్నాం కాబట్టి మనకి పెద్ద షాక్ కాదు కానీ, చాలామంది ఇక్కడే పెదవి విరిచారు. పోలీసుల వైపు కథ కూడా అంతే. జెన్ నేరం ఒప్పుకున్నాక కూడా, శవాన్ని పాతిన చోటు దొరకలేదని డిటెక్టివ్ పెరెజ్ ఆవిణ్ణి వదిలేస్తుంది. రచయితలు తమకి కావాల్సినట్టు తలుపులు తీసుకున్నారు. ఆ విమర్శ న్యాయమే.

కానీ ట్విస్టుల్ని లెక్క పెట్టి వదిలేస్తే అసలు విషయం మిస్సవుతాం. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో శుక్రవారం సాయంత్రం హాట్‌ఫిక్స్ అంటే అందరికీ దడ. ఒక బగ్‌ని కప్పడానికి వేసిన ప్యాచ్ ఇంకో రెండు బగ్స్ తెస్తుంది, వాటికి మళ్ళీ ప్యాచ్. ఈ కథలో ప్రతి ట్విస్టూ అలాంటి ప్యాచే. ఊరికే ఆకాశంలోంచి ఊడిపడదు, ముందు చెప్పిన ఏదో ఒక అబద్ధాన్ని కాపాడటానికి పుడుతుంది. పైగా అబద్ధాలు కూడా ఒకదానికొకటి అద్దంలా ఉంటాయి. జూడీ బతికున్న స్టీవ్‌ని చచ్చిపోయాడంది కదా? తర్వాత తెలుస్తుంది, టెడ్‌కి వేరే అమ్మాయితో సంబంధం ఉంది, ఆ అమ్మాయికి తన భార్య చనిపోయిందని చెప్పాడు. అంటే జెన్ ఎవరి కోసం ఏడుస్తోందో ఆ మనిషి, జెన్‌ని ఎప్పుడో చంపేసి పెట్టాడు. జూడీ కారుతో గుద్ది పారిపోయింది. రెండో సీజన్ చివర బెన్ తాగి, కారు గుద్ది పారిపోతాడు. ఆ కారులో ఉన్నది జెన్, జూడీలే.

ఇక అన్నిటికన్నా పెద్ద గొడవ. జూడీ మంచిదా, చెడ్డదా?

ఒక వర్గం అంటుంది, పాపం ఆపుదామనుకుంది, పక్క సీట్లో ఉన్న స్టీవ్ ఆపనివ్వలేదు. పిల్లలు కావాలనుకుంటే కడుపులు నిలవలేదు, ఎవరు ఏమన్నా సారీ చెప్పే మనిషి. జెన్ పిల్లల్ని సొంత పిల్లల్లా చూసుకుంది. ఇంకో వర్గం అంటుంది, ఇవన్నీ సరే, రోజూ ఆ ఇంట్లో అన్నం తింటూ, ఆ ఇంటి మనిషిని చంపింది తనేనని చెప్పకుండా ఎలా ఉండగలిగింది? అది ప్రేమ కాదు, తన మనశ్శాంతి కోసం చేసుకున్న పని.

ఈ రెండో మాట నాకెందుకు బలంగా తగిలిందో చెప్తా. 2021లో కరోనా రెండో వేవ్‌లో మా బాబాయి పోయారు. ఊళ్ళో ఉన్న నానమ్మకి చెప్పొద్దని పెద్దవాళ్ళు నిర్ణయించారు. ఆవిడకి గుండె జబ్బు, తట్టుకోలేదని. రెండు నెలలు, ఫోన్ చేసినప్పుడల్లా "పనిలో ఉన్నాడు, తర్వాత చేస్తాడు" అన్నారు. చివరికి చెప్పినప్పుడు నానమ్మ ఎలా పోయాడని అడగలేదు. "పెద్దకర్మ అయిపోయిందా? నేను లేకుండానే చేశారా?" అంది. అంతే. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మావాళ్ళు దాచింది ప్రేమతోనే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆవిడ కొడుకు కోసం ఆవిడ ఏడవాల్సిన రోజులు ఆవిడకి దక్కలేదు. అవి మళ్ళీ రావు.

జూడీ జెన్ దగ్గర తీసుకున్నది కూడా అదే. టెడ్ ప్రాణం కారు తీసింది, అది ప్రమాదం. ఆ తర్వాత జెన్‌కి రావాల్సిన కోపం, ఎవరి మీద పడాలో తెలిసిన కోపం, దాన్ని జూడీ తీసేసుకుంది. అందుకే జెన్ కనపడిన ప్రతి కారునీ తనిఖీ చేస్తూ, ఇంట్లోవాళ్ళ మీదా బయటివాళ్ళ మీదా అరుస్తూ తిరుగుతుంది.

మరి జూడీ ఇచ్చిన ఓదార్పు అబద్ధమా? కాదు. ఈ సిరీస్ గొప్పదనం నాకు అక్కడే కనిపిస్తుంది. అర్ధరాత్రి ఫోన్ ఎత్తింది నిజం, పిల్లలకి తోడున్నది నిజం. ప్రేమా నిజమే, దొంగతనమూ నిజమే. ఒకటి ఉందని రెండోది కొట్టేయలేం. జూడీ మంచిదనేవాళ్ళు, చెడ్డదనేవాళ్ళు ఇద్దరూ సగం సగం పట్టుకుని వాదిస్తున్నారు.

జెన్ చివరికి ఎందుకు క్షమిస్తుందో కూడా చూడండి. జూడీ మంచితనం చూసి మాత్రమే కాదు. టెడ్ ఆ రాత్రి బయటికి వెళ్ళింది తను చెయ్యి చేసుకున్నాక అని జెన్ అందరి దగ్గరా దాచింది. స్టీవ్‌ని ఆత్మరక్షణ కోసం కొట్టానని జూడీకే చెప్పింది. అసలు జరిగింది వేరు, అతను వెనక్కి తిరిగి వెళ్తుంటే చెక్క పక్షి బొమ్మతో కొట్టింది. ఇప్పుడు నిజం దాచి రోజూ అదే మనిషి మొహం చూడటం ఎలా ఉంటుందో జెన్‌కి తెలుసు. ఆ తెలియడంలోంచి వచ్చిన క్షమ అది.

మూడో సీజన్ మీద కూడా రెండు మాటలు. జూడీకి క్యాన్సర్ అని తెలుస్తుంది, ఇద్దరూ మెక్సికో వెళ్తారు, ఒక ఉదయం జూడీ ఉండదు. ఏడిపించడానికే రాశారని కొందరు కొట్టిపారేశారు. కానీ తెర వెనక సంగతి తెలిస్తే ఆ సీన్లు వేరేగా కనిపిస్తాయి. ఆ సీజన్ షూటింగ్ మధ్యలోనే క్రిస్టినా యాపిల్‌గేట్‌కి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. 2021 ఆగస్టులో ఆవిడే బయటికి చెప్పింది. షూటింగ్ కొన్ని నెలలు ఆగింది. కథ పూర్తి చేయాల్సిందేనని ఆవిడ తిరిగొచ్చింది, సెట్‌కి వీల్‌చైర్‌లో వెళ్తూ పూర్తి చేసింది. తెర మీద జబ్బు పడింది జూడీ, తెర బయట జబ్బుతో పోరాడింది జెన్ పాత్రధారి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే షాట్లలో నటన ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం.

ముగింపు మీద కోపం ఉన్నవాళ్ళు చాలామంది. జెన్ బెన్ వైపు తిరిగి, నీకొక విషయం చెప్పాలి అంటుంది. స్క్రీన్ ఆగిపోతుంది. చెప్పిందా లేదా మనకి చూపించరు. నాకు మాత్రం ఆ ముగింపే సరైనది అనిపించింది. 30 ఎపిసోడ్ల పాటు నోరు విప్పడం ఎంత కష్టమో చూశాం. అతని అన్నదమ్ముణ్ణి చంపింది తనే. నువ్వు ఎవరి మీద కోపపడాలో నాకు తెలుసు అని చెప్పడానికి నోరు తెరిచింది. జూడీ జెన్ దగ్గర తీసుకున్నదాన్ని, జెన్ బెన్‌కి తిరిగి ఇవ్వబోతోంది. ఇల్లు, పిల్లలు, అన్నీ పోవచ్చు.

ఇప్పుడు మీ వంతు. బెన్ స్థానంలో మీరుంటే ఆ మాట వినాలనుకుంటారా, వద్దనుకుంటారా? మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఏదైనా దాచారా, మంచిదైందా? ఆలోచించి రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.