ఆంగ్లపదములు – అలంకారశాస్త్రము
(రావులపాలెము వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



గౌతమీతీరమున, కోనసీమకు ముఖద్వారమని పేరొందిన యీ రావులపాలెమున, నేటి మహాసభలో మాటలాడుటకు మమ్ము నియోగించిన కార్యనిర్వాహకవర్గము వారికి మా కృతజ్ఞతాపూర్వక వందనములు. సంస్కృతము చదువుకొని, బడిపంతులుగా జీవితము గడపి, విశ్రాంతి గైకొన్న మేము ఆంగ్లపదములను గూర్చి ప్రసంగింప బూనుట కొందరికి వింతగా దోచవచ్చును. దోచినను దోచుగాక. నేడు మన బిడ్డలు హైదరాబాదునకేగినను, అమెరికాకేగినను, వారి యెదుట మొదట నిలుచు ద్వారపాలకుడు ఆంగ్లభాషయే. ఆ ద్వారము కడ మన గ్రామముల పిల్లలు తల వంచుకొని నిలుచుట చూడలేకయే యీ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మా కడ చదువుకొన్న బాలుడొకడు విదేశ విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పంపుచు, తన్ను గూర్చి వ్రాసికొన్న వ్యాసమును మాకు చూపుటకు దెచ్చెను. వాడు మూడువేల కఠినపదముల పట్టికను రేయింబవళ్లు వల్లెవేసినవాడు. ఆ వ్యాసమున మమ్ము భక్తితో దలచుకొని, “మా ఊరి నటోరియస్ సంస్కృతోపాధ్యాయుడు” అని వ్రాసియుండెను! ప్రసిద్ధుడని వాని భావము. ఆంగ్లమున ఆ మాట చెడ్డపనులచే పేరుపొందిన వారికి చెల్లును. మేము నవ్వితిమి. వాడు కన్నీరు పెట్టుకొనెను. పట్టిక తెరచి చూడగా, ఆ పదమున కెదుట “ప్రసిద్ధ” అను నొక్కమాటయే కలదు. తెలుగున “పేరుమోసిన” యను మాట తరచుగా దొంగకు వాడుదుము, గురువునకు అరుదుగా వాడుదుము. ఆ వివేకము వానికి తెలుగున పుట్టుకతో వచ్చినది. ఆంగ్లమున వానికి దానిని నేర్పినవారు లేరైరి. తప్పు వానిది కాదు.

శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యని మూడు వ్యాపారములను మన యాలంకారికులు చెప్పిరి. నిఘంటువు నందలి యర్థము నిచ్చునది అభిధ. ఆ యర్థము పొసగనిచోట దానికి సంబంధించిన మరియొక యర్థము నిచ్చునది లక్షణ. పైకి చెప్పక లోపల స్ఫురింపజేయునది వ్యంజన. ఆంగ్లేయులు డినొటేషన్, కానొటేషన్ అని విభజించుకొన్న విషయము నించుమించుగా అభిధా వ్యంజనముల త్రోవలోనిదే. పట్టిక అభిధను మాత్రమే యిచ్చును. తక్కిన రెండింటిని గురువు నేర్పవలెను.

ఇక కఠినపదములను జ్ఞాపకముంచుకొను నుపాయము. సంస్కృత విద్యార్థి వేల పదములను వేర్వేరుగా వల్లెవేయడు. ధాతువును పట్టుకొని పదములను సాధించును. ఆంగ్లమునకును ఈ త్రోవ కొంతవరకు చెల్లును. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండునని విలియం జోన్సు 1786వ సంవత్సరమున కలకత్తాలో చెప్పిన సంగతి విద్వాంసులెరిగినదే. మన “జ్ఞా” ధాతువునకు సోదరమైన ధాతువు నుండియే ఆంగ్లమున “నో” యనగా ఎరుగుట, “ఇగ్నొరెన్స్” అనగా అజ్ఞానము, “నోబుల్” అనగా ఉదాత్తుడు, ఇవి వచ్చినవి. మన బాలుని నేడిపించిన “నటోరియస్” కూడ ఆ కుటుంబములోనిదే! ఒకే యింట ఉదాత్తుడును దుష్టుడును పుట్టిరని చెప్పగా వాడు కన్నీరు తుడుచుకొని నవ్వెను. ఆ రెండు పదములను వాడిక జన్మలో మరువడు.

అలంకారముల పేర్లనిన మన పిల్లలకు మరింత భయము. ఇందుకు మందు మన కోనసీమలోనే కలదు. ముంగండ యగ్రహారమున పుట్టిన వంశమువాడై, షాజహాను కొలువున పండితరాజ బిరుదమందిన జగన్నాథుడు రసగంగాధరమున ఉదాహరణముల కొరకు ఇతరుల శ్లోకముల నెరువు తెచ్చుకొనక, అన్నింటిని తానే రచించెను. లక్షణము నేర్చినవాడు లక్ష్యమును తానే కల్పింపగలిగిననాడే ఆ విద్య వానిదగును.

మేమును మా శిష్యులచే అట్లే చేయించితిమి. “మా తాత గెలవేసిన అరటిచెట్టు వలె వంగి నడచును” అనిన ఉపమ. అదియే సిమిలీ. “మా తాత గెలవేసిన అరటిచెట్టు” అనిన రూపకము. అదియే మెటఫర్. ఒక్క “వలె” తీసివేయుటతో అలంకారము మారెను. “ఆ గెల నెత్తుటకు ఊరందరు రావలసి వచ్చెను” అనిన అతిశయోక్తి. ఆంగ్లమున హైపర్బొలీ. “నేడు రావులపాలెము అరటి ధర తగ్గించినది” అనిన, ధర తగ్గించినది ఊరు కాదు, అచ్చటి వర్తకులు. ఇది లక్షణ. ఆంగ్లేయులు దీనిని మెటానమీ యందురు. గంగలో గొల్లపల్లె యనిన గంగయొడ్డున నున్నదని గ్రహించు మన శాస్త్రోదాహరణమును ఈ జాతిదే. గోతులుపడిన బాట నుద్దేశించి “ఆహా, ఏమి రాజమార్గము!” అనిన, పైకి స్తుతి, లోపల నింద. ఐరొనీకి ఇది వాకిలి.

అన్నియు సరిగా ఒదుగునని మేము చెప్పము. మన రసమునకు సరియైన ఆంగ్లపదము లేదు. వారి ట్రాజెడీకి సరియైన పేరు మన ప్రాచీనశాస్త్రమున లేదు. ఒదుగనిచోట ఒదుగదని చెప్పుటయు విద్యలో భాగమే.

పరభాష నేర్చుటలో చిన్నతనమేమియు లేదు. ఉద్యోగార్థమై మన దేశమునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర తెలుగు నేర్చి, యతిప్రాసలను శ్రమించి తెలిసికొని, తెలుగు సంస్కృత ఛందస్సులను వివరించుచు 1827లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. మన శాస్త్రము నేర్చుటకు ఆయన సిగ్గుపడలేదు. ఆయన భాష నేర్చుటకు మన బిడ్డలేల భయపడవలెను? అట్లని ఆంగ్లము కొరకు తెలుగును విడుచుట, ఏరు దాటకమునుపే తెప్ప తగులబెట్టుట యగును. ఉపమ తెలియనివాడు సిమిలీని బట్టీపట్టగలడే కాని గ్రహింపజాలడు.

కావున పోషక మహాశయులకు మా ప్రార్థన. ఏటేట మీరిచ్చు పతకములు శ్లాఘ్యములే. కాని పతకము గెలిచినవానికి దక్కును. ఓడినవానికి ఒక గదియు, నాలుగు మంచి నిఘంటువులును, ఆదివారమున రెండు గంటలు కూర్చుండి చెప్పు గురువును కావలెను. గదియు గ్రంథములును మీరు సమకూర్పుడు. బాలురనక బాలికలనక పంపుడు. వేతనము లేక చెప్పుటకు మేము సిద్ధముగా నున్నాము. మా యొంట నోపికయున్నంత కాలము ఆదివారము తప్పము.

మరియొక బిడ్డ తన గురువును “నటోరియస్” అని వ్రాసి కన్నీరు పెట్టకుండుటయే మేము కోరు గురుదక్షిణ.

స్వస్తి.