అగ్గిపుల్ల గీసే ముందు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక మనలో చాలామందిమి సొంత ఊళ్ళకు చేరుకున్నాము. దాళ్వా కోతలు కాగానే అక్కడ ఏటా చూస్తున్న సంగతే నేడు మీకు మనవి చేస్తాను. కోత మిషను వదిలిన గడ్డికి నిప్పంటించి రైతు ఇంటికి పోతాడు. మధ్యాహ్నానికి పడమటి గాలి లేస్తుంది. రెండేళ్ళ క్రితం మా ఊళ్ళో అలా ఎగిరిన నిప్పురవ్వ ఒక కౌలురైతు గడ్డివాము మీద పడింది. రెండు గేదెల ఏడాది మేత బూడిదయింది. నిప్పు పెట్టినదెవరో తెలిసినా, మొగమాటంతో ఎవరూ నోరు మెదపలేదు.

చట్టానికి మొగమాటం లేదు. ప్రాణాపాయం కలిగేలా నిప్పుతో నిర్లక్ష్యంగా ఉంటే, భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షను ప్రకారం 6 నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

నేలకూ నష్టమే. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని ఉంటుంది. కాలిస్తే దాదాపు అంతా పొగలో పోతుంది. రోటవేటరుతో కలియదున్నితే మళ్ళీ పొలానికే దక్కుతుంది.

గట్టు మీది కంప కాల్చక తప్పనప్పుడు గాలి లేని వేళ చూసుకోవాలి. చుట్టూ గడ్డి చెక్కి, బిందెలతో నీళ్ళు దగ్గరుంచుకుని, నిప్పు పూర్తిగా ఆరేదాకా కదలకూడదు. అదుపు తప్పితే వెంటనే 101కు ఫోను చేయాలి.

పెద్దవాళ్ళమని మన మాట ఊళ్ళో ఇంకా వింటారు. కోతలకు ముందే రచ్చబండ దగ్గర ఈ నాలుగు ముక్కలూ చెబుదాం. చెప్పినందుకు మన పెన్షనులో కోతేమీ పడదు!

సెలవు.