నమోదు కూడా సాక్ష్యమే

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, పాల్వంచ చెంత కిన్నెరసాని అభయారణ్యం ఉన్నది. మన యువకులు కొందరు అక్కడ సీతాకోకచిలుకలను గమనించి పుస్తకంలో నమోదు చేస్తున్నారు. ఇది వ్యర్థ కాలక్షేపం కాదు. దివ్య ఖుర్ఆన్‌లో 16వ సూరాకు తేనెటీగ పేరు, 27వ సూరాకు చీమల పేరు ఉన్నాయి.

అయితే లెక్క పెంచాలని, చూడనిదాన్నీ వ్రాశానని ఒక యువకుడు నా వద్ద పశ్చాత్తాపపడ్డాడు. నమోదు కూడా సాక్ష్యమే! తెలియనిదాని వెంట పోవద్దనీ, చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ విచారణ ఉంటుందనీ 17వ సూరా 36వ ఆయత్ హెచ్చరిస్తున్నది. జిల్లేడు ఆకుపై గొంగళిపురుగును చూశారా? అంతే వ్రాయండి. పేరు తెలియకుంటే ఖాళీ వదలండి. దాన్ని బాధించకండి. ఒక చీమ కుట్టినందుకు చీమల పుట్టనే కాల్పించిన ఒక ప్రవక్తను అల్లాహ్ మందలించాడని బుఖారీ హదీసు తెలుపుతున్నది.

అల్లాహ్ మన కలానికి సత్యాన్నీ, చేతికి దయనూ ప్రసాదించుగాక! ఆమీన్.