వంటింటి నుండి హెబ్రీ భాష
(తాండూరు సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



హెబ్రీ నేర్చుకొనుట వేదపండితుల పని యని మనలో చాలమంది తలంపు. అయితే ప్రతి ఆదివారమున మనము ఆ భాష కొంత పలుకుచునే యున్నాము. ఆమేన్, హల్లెలూయ హెబ్రీ మాటలే. ఎన్నో గుడులకు పెట్టుకొన్న ఎబెనెజరు అను పేరు చూడుడి. 'ఎబెన్' అనగా రాయి, 'ఎజెర్' అనగా సహాయము. నాపరాళ్ల గనుల ప్రక్కన బ్రదుకు తాండూరువారికి 'ఎబెన్' అను మాట ఒక్కసారి చెప్పిన చాలును. బేత్లెహేములో 'బేత్' ఇల్లు, 'లెహెమ్' రొట్టె. నేటికిని యెరూషలేము అంగడిలో రొట్టె కొనువారు 'లెహెమ్' అనియే అడుగుదురు.

కనుక మేము కొందరము కూడి హెబ్రీ నేర్చుకొనదలచినప్పుడు వ్యాకరణముతో గాక భోజనముతో మొదలుపెట్టితిమి.

ఆదికాండము 25వ అధ్యాయములో ఏశావు తన జ్యేష్ఠత్వమును అమ్ముకొన్నది, మన తెలుగు బైబిలు ప్రకారము, చిక్కుడుకాయల వంటకమునకు. అదే అధ్యాయములో ఏశావు దానిని ఎఱ్ఱనిదని పిలిచెను. చిక్కుడుకాయ కూర ఎఱ్ఱగా నెట్లుండును? ఈ ప్రశ్న అడిగినది మాలో వంట చేయు ఒక సోదరి. ప్రసంగించువారెవరికిని అది తోచలేదు. హెబ్రీలో అక్కడున్న మాట 'అదాషీమ్', అనగా మసూరు పప్పు. 'ఆదోమ్' అనగా ఎరుపు. ఏశావునకు ఎదోము అను పేరు అందుచేతనే వచ్చెను. దుఃఖములో నున్న ఇంటివారికి మొదటి భోజనముగా ఈ పప్పు పెట్టుట యూదుల పాత ఆచారము. అనువాదకులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. పప్పుదినుసుల పేర్లు భాష మారునప్పుడు జారిపోవుట సహజము. అయినను, 2022లో తన కందికి భౌగోళిక గుర్తింపు పొందిన ఊరిలో ఉండి, ఏ పప్పునకు జ్యేష్ఠత్వము పోయెనో మనము ఎరుగకుండుట ఎట్లు?

ఇక పస్కా. పులిసినది 'హామేత్స్', పులియని రొట్టె 'మత్సా'. బోయజు రూతును రొట్టె ముంచుకొనుమన్న చిరక పేరు 'హోమెత్స్'. పిండి పులియుట, పులుపు, రెండును ఒకే ధాతువు. తెలుగులోను అంతే గదా! పిండి పులిసినది అందుము, చింతపండు పులుపు అందుము. మన జొన్నరొట్టెయు పులియనిదే. అయితే యూదుల లెక్కలో అది మత్సా కాదు. గోధుమ, యవలు మొదలగు ఐదు ధాన్యములే పులియునని వారి పెద్దలు నిర్ణయించిరి; పులియగల ధాన్యముతోనే మత్సా చేయవలెను. నీళ్లు తగిలిన 18 నిమిషములలో రొట్టె కాలిపోవలెనని నియమము. పులియుటకు అవకాశముండియు పులియనీయక కాపాడినదే మత్సా. ఈ ఒక్క సంగతి తెలిసిన తరువాత మేము నిర్గమకాండములోని ఆ తొందరపాటును వేరుగా చదివితిమి.

పర్ణశాలల పండుగ అనగానే మనకు ఋషులు జ్ఞాపకము వత్తురు. హెబ్రీలో ఆ శాల పేరు 'సుక్కా'. యెషయా మొదటి అధ్యాయములో ద్రాక్షతోటలోని గుడిసె అనుచోటను అదే మాట. పంట కావలికి వేసికొను గుడిసె యన్నమాట! జొన్నచేలో మంచె మీద కూర్చుండి పిట్టలను తోలినవారికి ఈ పండుగ దూరపుది కాదు.

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయీము అను తెలుగు యూదుల చిన్న సమాజమున్నది. వారు విశ్రాంతిదినమును, పస్కాను ఆచరించుచు హెబ్రీ ప్రార్థనలు నేర్చుకొనిరి. వారి మార్గము వారిది. మనము గుడిలో పస్కా బల్లను అభినయించనక్కరలేదని మా అభిప్రాయము. మాట నేర్చుకొనుట వేరు, ఒకరి పండుగను వేషముగా వేసికొనుట వేరు. రెండు హెబ్రీ మాటలు విసరి సంఘమును బెదరించు ప్రసంగములును మాకు నచ్చవు.

నిజముగా ఈ భాష అవసరమైనవారు వేరొకరు కలరు. తెలంగాణ జిల్లాలనుండి వృద్ధుల సేవకై ఇశ్రాయేలు వెళ్లినవారికి అది కూటి భాష. ఆచారము పాటించు ఇంటిలో మాంసపు గిన్నెలు 'బసారీ', పాల గిన్నెలు 'హలావీ'; రెండును కలియరాదు. పస్కాకు ముందు ఇల్లంతయు వెదకి హామేత్స్ తీసివేయవలెను. గిన్నె మారినచో పెద్దవారి మనస్సు కష్టపడును. మన పిల్లలెవరైనను ఆ పనికి వెళ్లదలచినచో, విమానమెక్కుటకు ముందే ఈ మాటలు ఇక్కడ నేర్చుకొనవలెను.

అక్షరములు 22 మాత్రమే. కుడినుండి ఎడమకు వ్రాయుదురు. ఉర్దూ చదువనేర్చిన పెద్దలు మనలో ఇంకను కలరు. వారికి ఈ దిశ కొత్త కాదు, షాలోమ్‌కు సలాముకు చుట్టరికము చెప్పనక్కర లేదు. వారు వచ్చి పిల్లల ప్రక్కన కూర్చుండవలెనని వేడుకొనుచున్నాము. పలకలు మేము తెత్తుము.