పాత పట్టణము – పలు ఆపదలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగము)



పుదుచ్చేరి యనగానే మనకు సముద్రతీరపు వీథి, పసుపుపచ్చని గోడలు, వాటిపై వ్రేలాడు కాగితపుపూల తీగెలు జ్ఞప్తికి వచ్చును. నడుమనున్న పెద్దకాలువకు తూర్పున ఫ్రెంచివారి మేడలు, పడమట అరుగులుగల తమిళుల ఇండ్లు. రెండింటికిని ఆధారము ఇటుక, సున్నము, కొయ్య దూలము. మన యానాము కూడ ఈ పాలనాప్రాంతములోనిదే గనుక ఈ పట్టణపు క్షేమము తెలుగువారికి పరాయి విషయము కాదు.

2001 సెప్టెంబరు 25న ఈ తీరమునకు చేరువ సముద్రగర్భమున భూకంపము పుట్టినది. 2004 డిసెంబరు 26న సునామి వచ్చినది. ఒడ్డున పేర్చిన రాతికట్ట పాత పట్టణమును చాలవరకు కాచినది, కాని దక్షిణమున కారైకాలు తీరమున వందలమంది ప్రాణములు కోల్పోయిరి. 2011 డిసెంబరు 30న థానే తుపాను గాలి విరుచుకొనిపడినది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను తీరము దాటగా, ఒక్క దినములో సుమారు 48 సెంటీమీటర్ల వాన కురిసినది. నేల, కడలి, గాలి, వాన – నాలుగును ఒక్క తరములోనే తమ బలము చూపినవి.

అయినను పట్టణపు పురభవనమును కూల్చినది పేరుపొందిన ఈ ఉత్పాతములలో ఏదియు కాదు. 1870-71 నాటి ఆ ‘మెయిరీ’ సునామికిని, థానేకును నిలిచి, 2014 నవంబరు 29న వానలో కుప్పకూలినది. చాలకాలము మరమ్మతు లేక అది లోలోన శిథిలమైయుండెను. పాత రూపముననే తిరిగి కట్టి 2021లో ప్రారంభించిరి. రూపము తిరిగి వచ్చినది; పాత గోడ రాలేదు.

ఆపద వేఱు, దుర్బలత వేఱు. రెండును కలిసినచోటనే నష్టము. కచేరీలలో పనిచేయు మనకు గాలికొక దస్త్రము, నీటికొక దస్త్రము, భూకంపమునకు మఱియొకటి తెరచుట అలవాటు. ఇంటికి ఆ విభజన తెలియదు. గాలికి పెంకులు లేచుచున్నవని పాత గోడలపై బరువైన కాంక్రీటు కప్పు వేసినచో, భూమి కదలిననాడు ఆ బరువే గోడకు శత్రువగును. చెమ్మ కనబడకుండ సున్నపు గోడకు సిమెంటు పూసినచో, లోని తేమ వెలికి పోలేక ఇటుకను తినివేయును. నీరు నిలువరాదని వీథిని ఎత్తుచేసినచో, ఆ నీరే అరుగు దాటి ఇంట జొరబడును. తుపానువేళ కడలి పొంగియుండగా కాలువ నీరు పోవు త్రోవ యేది?

కావున ప్రతి ఇంటికి ఒకే పట్టిక యుండవలెను: గోడ మందమెంత, దూలపు కొనలు కుళ్ళినవా, కప్పు బరువెంత, గడప వీథికంటె ఎత్తా పల్లమా, లోపల వృద్ధులెందరు, బయటపడు దారి యేది. ఇంటాక్ సంస్థ పాత భవనముల జాబితా సిద్ధపరచినది. అందముతోపాటు బలహీనతయు అట్లే నమోదు కావలెను. అన్నిటిని ఒక్కమారుగా బాగుచేయ ధనము చాలదు. ఏది ముందో తేల్చుటకే ఈ లెక్క.

యానామున గోదావరి వరదలను, 1996 నవంబరు 6 నాటి తుపానును చూచినవారికి, ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట యెంత వ్యర్థమో నేను చెప్పనక్కరలేదు. ఈశాన్య ఋతుపవనమునకు ముందే మిద్దె యెక్కి తూము శుభ్రపరచు ఇంటివాడే ఈ పట్టణమునకు మొదటి రక్షకుడు.