పాత క్లారినెట్టును కొనబోవువారికి

పెండ్లి ఊరేగింపులో బ్యాండు మేళమును వినని తెలుగువారుండరు. ఆ మేళములో పాటను ముందుండి నడపునది తరచుగా క్లారినెట్టే. తిరుచిరాపల్లికి చెందిన ఏ.కె.సి. నటరాజన్ గారు ఆ విదేశీ వాద్యముపై కర్ణాటక సంగీతమును కచేరీ స్థాయిలో వినిపించి 2022లో పద్మశ్రీ పురస్కారమందిరి. ఇంటిలో పిల్లవాడు నేర్చుకొందునన్నచో తల్లిదండ్రులు క్రొత్తదాని వెల విని, పాతది చూతమందురు. అందు దోషమేమియు లేదు. అయితే చెడిన వాద్యమును చేతికిచ్చినచో, మూడు మాసములు ఊదినను స్వరము పలుకక, తనకు సంగీతము రాదని ఆ పిల్లవాడు నమ్మును. గాలి కారు ప్యాడు నేరమును తన తలపై వేసికొనును. మేము ఈ ప్రసంగమునకు పూనుకొన్నది ఇందుకొరకే.

కొయ్య వాద్యమే గొప్పదని మనలో ఒక గౌరవమున్నది. నల్లకొయ్యతో చేసిన మంచి క్లారినెట్టు నాదము మధురమే. కాని ఎండవానలకు అది పగులును. పై భాగమున, మీటల రంధ్రముల చుట్టును చూడుడు. నల్ల లక్క పూసి పగులును కప్పియుందురు. వెలుతురులో ఏటవాలుగా పట్టి గోటితో తడిమినచో తెలియును. మొదటి రెండేండ్లకు ప్లాస్టిక్ వాద్యమే మేలని మా అభిప్రాయము. మీటల తళుకును చూచి మురియవలదు. మెరుగు పెట్టుట సులభము, ప్యాడులు మార్చుట ఖర్చు.

గాలి పరీక్ష అంగడిలోనే చేయవచ్చును. పై భాగమును విడదీసి, వ్రేళ్ళతో రంధ్రములన్నియు మూసి, అడుగును అరచేతితో కప్పి, పై కొననుండి గాలిని పీల్చుడు. లోపలి బిగువు కొన్ని క్షణములు నిలువవలెను. వెంటనే సడలినచో ఎచ్చటనో కారుచున్నది. క్రింది భాగమును కూడ ఇట్లే చూడవలెను. అతుకుల వద్ద బెండు అరిగియున్నచో భయము లేదు, మార్చవచ్చును. కొయ్య అంచే విరిగియున్నచో వదలివేయుడు.

అన్నింటికంటె మోసపుచ్చునది శ్రుతి. బ్రిటిష్ సైనిక బ్యాండులు 1920ల చివరివరకు హెచ్చు శ్రుతిలో వాయించెడివి. అందు ‘ఎ’ స్వరమునకు సెకనుకు సుమారు 452 కంపనములు. నేటి ప్రమాణము 440. భేదము ఒక స్వరస్థానములో ఇంచుమించు సగము. అట్టి పాత వాద్యము చూపునకు చక్కగానుండును, గాలియు కారదు, వెలయు తక్కువ. కాని ఏ మేళములోను కలియదు. కొన్నింటిపై ‘హెచ్.పి.’ అను ముద్ర ఉండును, కొన్నింటిపై ఉండదు. బారెల్‌ను కొంచెము పైకి లాగిన సరిపోవునని అమ్మువారు చెప్పవచ్చును. సరిపోదు. లాగినపుడు పై రంధ్రముల స్వరములు ఎక్కువగాను, క్రిందివి తక్కువగాను దిగును. ఒకటి కుదిరిన మరియొకటి చెడును. కావున తెలిసినవారిచేత అయిదు నిమిషములు ఊదించి, వాద్యము వెచ్చబడిన పిదప చూడుడు. బి ఫ్లాట్ క్లారినెట్టుపై ‘సి’ అని వ్రాయు స్వరమును ఊదినచో, హార్మోనియముపై బి ఫ్లాట్ మీట పలుకవలెను. హార్మోనియములే కొన్ని శ్రుతి తప్పియుండును గనుక చేతిఫోనులోని శ్రుతిమాపకము మరింత నమ్మదగినది.

వ్రేళ్ళ అమరికలో బోయెమ్ పద్ధతి, పాత ఆల్బర్ట్ పద్ధతి అని రెండు ముఖ్యముగా కనబడును. నేడు తయారగు వానిలో అధికభాగము మొదటిదే. ఆల్బర్ట్ వాద్యమున వలయములు తక్కువ గనుక గమకములకై వ్రేలిని జార్చుట సులభమని కొందరందురు. ఈ వాదములో మీరు దిగనక్కరలేదు. గురువుగారు ఏది వాయింతురో అదే కొనుడు.

మౌత్‌పీసు కొన పెచ్చు లేచియున్నచో క్రొత్తది వేరుగా కొనుడు. పాత రీడును మాత్రము వాడనే వాడకుడు. ఒకటిన్నర లేక రెండవ నంబరు రీడు పిల్లవాని పెదవికి చాలును. వాయించిన ప్రతిసారి లోపలి తడిని మెత్తని గుడ్డతో లాగి తుడిచి, రీడును విప్పి, పెట్టెను ఎండ తగులని చోట నుంచవలెను.